పాలిచ్చినన్నాళ్ళూ

ఫిల్మ్‌నగర్, హైదరాబాదు
2025 ఆగస్టు 4

లాస్యా, నా తల్లీ,

నువ్వూ పాపా క్షేమంగా కాకినాడ చేరారని మీ నాన్నగారు ఫోనులో విని నాకు చెప్పారు. నువ్వు పది మాటలు చెప్పి ఉంటావు, ఆయన ఒక్కటే చేరవేశారు. "బాగానే ఉన్నారటే" అన్నారు. పాప రైల్లో ఏడ్చిందా, అల్లుడుగారు స్టేషనుకు వచ్చారా, మీ అత్తగారు గుమ్మంలో దిష్టి తీశారా, ఏదీ అడగలేదట.

తొలి ఏకాదశి నాడు నేను చాతుర్మాస్య వ్రతం పట్టడం నువ్వు చూశావు కదా. ఒక నెల కూరలూ, ఒక నెల పెరుగూ, ఒక నెల పాలూ, ఒక నెల పప్పులూ మానడం ఏటా ఉన్నదే. ఈసారి నాకు నిజంగా కష్టమైనది ఒకటి మానాలనిపించి ఫోను మానేశాను. దేవుడి గది అలమరలో పెట్టి తాళం వేశాను. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశి దాకా నాతో మాట్లాడాలంటే ఉత్తరమే. నువ్వు నవ్వితే నవ్వావు గానీ, ఇలా కూర్చుని రాస్తుంటే నువ్వు ఎదురుగా ఉన్నట్టే ఉంది.

నిన్న నిర్మాత తిరుమలేశ్ గారు వచ్చారు. దసరాకి కొత్త సినిమా ప్రారంభమట. పూజకు చక్రపొంగలీ పులిహోరా మనింటి నుంచే కావాలన్నారు. వెళ్తూ వెళ్తూ నీ మాటే అడిగారు. "లాస్యమ్మకు రెండు పాటలు అనుకున్నమక్కా, డిసెంబర్ల షూటింగు. ఇగ అసిస్టెంట్ కాదు, డాన్సు మాస్టరే" అన్నారు. ఆయన వెళ్ళాక అమ్మవారి ముందు చాలాసేపు కూర్చున్నాను.

రైలెక్కేటప్పుడు నా చెవిలో ఒక మాట అడిగావు. మీ నాన్నగారు పక్కనే సామాను సర్దుతున్నారని "తరవాత రాస్తాలే" అన్నాను. పాపకు పాలిస్తున్నాను కదా, మళ్ళీ నెల తప్పకుండా విడిగా జాగ్రత్త పడాలా అన్నావు. అక్కర్లేదమ్మా. పాలిచ్చినన్నాళ్ళూ ఆ భయం లేదు. నీకు రెండేళ్ళు దాటేదాకా పాలిచ్చాను. మీ తమ్ముడు రిత్విక్ నీకు నాలుగేళ్ళు వచ్చాక గానీ పుట్టలేదు. నేను ఒక్క మాత్ర మింగి ఎరగను. ఒళ్ళో చంటిబిడ్డ ఉండగా ఇంకో బిడ్డను మోయమని అమ్మవారు ఏ తల్లినీ అడగదు. కృష్ణానగర్ నుంచి నా దగ్గరకు వచ్చే డాన్సర్ పిల్లలు అడిగినా ఇదే చెబుతుంటాను. నిశ్చింతగా ఉండు.

మునగాకు వేపుడూ వెల్లుల్లి కారమూ మానకు.

నీ పేరున ఒక ఒత్తి వెలిగించి ఇది రాస్తున్న
మీ అమ్మ, కౌసల్య

*

కాకినాడ
2025 ఆగస్టు 16

అమ్మా,

నీ ఉత్తరం పోస్ట్‌మాన్ తెచ్చిస్తే అత్తయ్య కంగారుపడ్డారు. కోర్టు కాగితమేమో అనుకున్నారట. ఈ రోజుల్లో ఉత్తరాలు ఇంకెవరు రాస్తారమ్మా. వరలక్ష్మీ వ్రతం బాగా జరిగింది. పాప నా పట్టుచీర కొంగు నోట్లో పెట్టుకుని పూజంతా ఒళ్ళోనే ఉంది. దిష్టి కూడా తీశారు, స్టేషన్ దగ్గర ఒకసారి, ఇంటి దగ్గర ఒకసారి.

నేను రైలు దగ్గర అడిగినదానికి నువ్వు రాసిన జవాబు చదివాక చాలా తేలిగ్గా అనిపించింది. మీ అల్లుడు సిద్ధార్థకూ చెప్పాను. డాక్టరమ్మ దగ్గరకు వెళ్దామనుకున్నాం, ఇక ఆ పని లేదనుకున్నాం. ఎనిమిదేళ్ళు గుంపులో మూడో వరసలో ఆడాను, నాలుగేళ్ళు వేరే మాస్టర్ల వెనక నిలబడి అడుగుల లెక్కలు చెప్పాను. ఇప్పుడు నా పేరు తెర మీద వేస్తామంటున్నారు. డిసెంబరులో నేను సెట్లో నిలబడగలిగితే చాలు, ఇంకేమీ అడగను.

ఇక్కడ అత్తయ్య నన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు. నిన్నటి నుంచి రాత్రిళ్ళు పాపను తన దగ్గరే పడుకోబెట్టుకుంటున్నారు. మధ్యలో లేస్తే డబ్బాపాలు కలిపి సీసాతో పడుతున్నారు. "పగలంతా నువ్వు, రాత్రి నేను. ఈ జగదాంబ డ్యూటీలో ఉండగా నువ్వు లేవడానికి వీల్లేదు" అంటారు. పొద్దున్నే లేచి డాబా మీద సాధన చేసుకుంటున్నాను. ఒళ్ళు మళ్ళీ మాట వింటోంది.

నువ్వు కనపడకుండా నీ గొంతు వినపడుతోందని ఈ ఉత్తరంతో తెలిసింది. రాస్తూ ఉండు.

నీ
లాస్య

*

ఫిల్మ్‌నగర్
2025 ఆగస్టు 31

బంగారు తల్లీ,

మొన్న చవితికి కృష్ణానగర్‌లో మన దుకాణం సందు మొదట్లో పెట్టిన వినాయకుడికి మీ నాన్నగారే పంచె, ఉత్తరీయం కుట్టించారు. మహారాజు వేషాలకు తెప్పించిన జరీ మిగిలితే అదీ వేశారు. సినిమా వాళ్ళకు దుస్తులు అద్దెకిచ్చే చెయ్యి కదా, దేవుడికి కూడా కిరీటం కాస్త పెద్దదే పెట్టించారు. "ఆదినారాయణ గారూ, క్లోజప్ లేదు కదా, అంత జరీ ఎందుకు?" అని అందరూ ఆటపట్టించారు.

అసలు మాట చెబుతాను. వీరరాఘవయ్య సిద్ధాంతిగారి దగ్గరకు వెళ్ళాను. ఆడపిల్లకు అన్నప్రాశన బేసి నెలలో చెయ్యాలి కదా. పాపకు అయిదో నెల నడుస్తుండగా, పితృపక్షాలు వెళ్ళాక, సెప్టెంబరు ఇరవై ఎనిమిది బాగుందన్నారు. ఆ వెంటనే దసరా, తిరుమలేశ్ గారి సినిమా ప్రారంభం. ఒక్క ప్రయాణంతో రెండూ అవుతాయి. మా గుళ్ళో పూజారిగారితో కూడా చెప్పేశాను. పరమాన్నం నేనే వండుతాను. పాప ముందు పెట్టడానికి పుస్తకం, కలం, బంగారం సిద్ధం చేశాను. నీ గజ్జెలు కూడా పెడదామా అని ఒక ఆలోచన.

అన్నం ముట్టాక ఇక ఉగ్గు అలవాటు చేద్దాం. నీకు రిహార్సళ్ళకు వెసులుబాటు. రాత్రి పూట పాపను మీ అత్తగారు చూసుకోవడం మన అదృష్టం. ఆవిడకు నా నమస్కారాలు చెప్పు.

మీ రాక కోసం గుమ్మాలకు పసుపు రాయడం అప్పుడే మొదలుపెట్టిన
అమ్మ

*

కాకినాడ
2025 సెప్టెంబరు 10

అమ్మా,

పాపకు టీకా వేయించాము. కొంచెం జ్వరం వచ్చి తగ్గింది.

నాకు ఒంట్లో కాస్త అనుమానంగా ఉంటే ఇవాళ డాక్టరమ్మకు చూపించుకున్నాను. రేపు ఒక పరీక్ష చెయ్యాలన్నారు.

అన్నప్రాశన ఇప్పుడు వద్దమ్మా. సిద్ధాంతిగారికి, పూజారిగారికి నువ్వే నచ్చజెప్పు. కారణం కలిసినప్పుడు చెబుతాను. నీకు వచ్చే కవర్లు కూడా దుకాణానికే చేరతాయి, బిల్లులతో పాటు నాన్న అన్నీ చించి చూస్తారు. అందుకని ఇందులో రాయలేను.

కోపం తెచ్చుకోకు.

లాస్య

*

ఫిల్మ్‌నగర్
2025 సెప్టెంబరు 18

తల్లీ లాస్యా,

ముందుగా ఒక మాట. నా పేర వచ్చిన కవరు విప్పవద్దని మీ నాన్నగారితో చెప్పాను. "మనింట్లో రహస్యాలా?" అన్నారు. "ఆడవాళ్ళ సంగతులు" అన్నాను. ఇక కవరును చూడను కూడా చూడరు, పళ్ళెంలో పెట్టి తెచ్చిస్తారు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు రాయకపోయినా అమ్మకు అర్థం కాదా. పాప ఒళ్ళో ఉండగానే ఇంకొకరు వస్తున్నారు. అందుకే అన్నప్రాశన వద్దన్నావు, ప్రయాణం చెయ్యలేనని. నేను ధైర్యం చెప్పబట్టే కదా నువ్వు డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానుకున్నావు. నాకేమిటో అంతుపట్టడం లేదు. నాకు అలా జరగలేదే. అయినా వచ్చే బిడ్డను తప్పు పట్టకూడదు. ఇద్దరినీ నేను పెంచుతాను. నువ్వు ఏడవకు. పాటలు ఎక్కడికీ పోవు.

పోవు అని రాశాను గానీ, ఒకటి చెప్పాలి. తిరుమలేశ్ గారు మొన్న ప్రసాదాల లెక్క చూసుకోవడానికి వచ్చారు. "అక్కా, డిసెంబర్ల డేట్లు ఇయ్యాలె. లాస్యమ్మ వస్తదా? జర సాఫ్ చెప్పు" అన్నారు. వస్తుందని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, అందులోనూ వ్రతంలో ఉండి. రాదని చెప్పడానికి మనసు రాలేదు. చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి "సమజైందక్కా. ఫికర్ చెయ్యకు. ఇంకోసారి చూద్దాం" అని వెళ్ళిపోయారు.

వేవిళ్ళు ఎలా ఉన్నాయి? దానిమ్మ రసం తాగు.

నిన్ను తలుచుకుంటూ
అమ్మ

*

కాకినాడ
2025 సెప్టెంబరు 25

అమ్మా,

నాకు వేవిళ్ళు లేవు. నేను కడుపుతో లేను. పరీక్షలో లేదనే వచ్చింది. నీ ఉత్తరం రాకముందే నాన్న ఫోను చేశారు. తిరుమలేశ్ గారు పెద్ద పాట వేరే మాస్టరుకు ఇచ్చేశారట, మీ అమ్మ ఏమీ మాట్లాడలేదట అన్నారు. అన్నప్రాశన వద్దన్నానని నువ్వు కోపంతో అలా చేశావనుకున్నాను. ఆ రోజంతా నీ మీద మండిపడ్డాను. తరవాత నీ ఉత్తరం వచ్చింది. గరిటె పట్టుకుని నిలబడ్డావని చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జరిగింది చెబుతాను. రాత్రంతా పాప సీసాతో సరిపెట్టుకుంటూ ఉంటే, నాకు ఉదయాన్నే తల తిరగడం, నీరసం. భయమేసి వెళ్ళాను. డాక్టరమ్మ నిదానంగా కూర్చోబెట్టి చెప్పింది. "మీ అమ్మగారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, కానీ సగమే. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకే. అదీ నీకు నెలసరి మళ్ళీ మొదలవకపోతేనే. బిడ్డ పగలూ రాత్రీ నీ పాలు తప్ప ఇంకేమీ తాగకపోతేనే, మధ్యలో ఎక్కువ గంటలు ఎడం రాకపోతేనే. ఇందులో ఏ ఒక్కటి పోయినా ఆ కాపలా పోయినట్టే. అన్నీ ఉన్నా నూటికి ఇద్దరికి తప్పదు" అంది. నెలసరి వచ్చాక చూసుకుందాం అనుకోవడం కూడా పొరపాటేనట. అది రాకముందే గర్భం రావచ్చట.

అంటే అత్తయ్య సీసా పట్టిన రోజు నుంచే నేను కాపలా లేకుండా నిశ్చింతగా నిద్రపోతున్నానన్నమాట. అత్తయ్యకు ఎలా చెప్పాలా అని నేను సిద్ధార్థతో అంటుంటే, ఆవిడే తలుపు దగ్గర విని "ముందే చెప్పొద్దూ పిచ్చిదానా, సీసా అవతల పారేస్తాను, పాపను లేపి నీ దగ్గరకు తెచ్చే డ్యూటీ చేస్తాను" అన్నారు. సిద్ధార్థ తన వంతు జాగ్రత్త తను తీసుకుంటున్నాడు.

అన్నప్రాశన వద్దన్నది అందుకే. ఆరు నెలలు నిండకుండా పాప పొట్టకు అన్నం మంచిది కాదంది డాక్టరమ్మ. అన్నం మొదలైతే పాలు తగ్గుతాయి, అప్పుడు ఆ కాస్త కాపలా కూడా ఉండదు. దేవుడి మీద భక్తి తగ్గి కాదమ్మా.

నీకెలా నాలుగేళ్ళు ఎడం వచ్చిందో డాక్టరమ్మ అడిగింది. తెలియదన్నాను. నాకూ తెలుసుకోవాలని ఉంది.

లాస్య

*

ఫిల్మ్‌నగర్
2025 అక్టోబరు 4

నా చిన్నారి తల్లికి,

నీ ఉత్తరం దసరాకు ముందు అందింది. చదివి దేవుడి గదిలో కూర్చున్నాను. ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. నువ్వు కడుపుతో లేవని సంతోషపడ్డాను. అంతలోనే, బిడ్డ లేదని సంతోషిస్తున్నానే, తప్పేమో అనిపించింది. చివరికి దీపం వెలిగించి ఊరుకున్నాను.

మీ నాన్నగారు భోజనం చేస్తుంటే మెల్లగా అడిగాను. "లాస్య పాలు తాగే రోజుల్లో మీరు ఎక్కడుండేవారు?" ఆయన ముద్ద ఆపి చూశారు. "ఎక్కడేంటి, మద్రాసులో. ఆ పౌరాణిక సీరియల్ కాస్ట్యూములు నేనే కదా. దేవతలందరికీ మడతలు పెట్టలేక చచ్చేవాణ్ణి. పండక్కి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు" అన్నారు. "మరి ఎప్పుడు వచ్చేశారు?" అన్నాను. "సీరియల్ ఆగిపోయాక. ఆ మరుసటేడు రిత్విక్ పుట్టాడు." నేను లేచి చారు వడ్డించాను. కాసేపటికి ఆయనకే ఏదో తట్టింది. "ఎందుకడిగావు?" అన్నారు. యాభై ఏళ్ళు వచ్చినా ఆయన ముఖం చూడలేక, గోడ వైపు తిరిగి సంగతంతా చెప్పాను. ఆయన నవ్వుతూ నవ్వుతూ పొలమారిపోయారు. "అయితే కౌసల్యా, ఇన్నాళ్ళూ నీ పాలకు ఇచ్చిన పేరు మా నిర్మాతకు ఇవ్వాలి. నన్ను ఇంటికి పంపనిది ఆయనే" అన్నారు.

ఇదీ నాలుగేళ్ళ ఎడం. మీ డాక్టరమ్మకు చెప్పు.

దసరా నాడు ప్రారంభోత్సవానికి చక్రపొంగలి గిన్నెలు పట్టించుకుని జూబ్లీహిల్స్ ఆఫీసుకు వెళ్ళాను. మామూలుగా వంటవాళ్ళ వైపు నిలబడి, హారతి అయ్యాక వచ్చేస్తాను కదా. ఆ రోజు తిన్నగా తిరుమలేశ్ గారి దగ్గరకు వెళ్ళాను. క్లాపు కొట్టడానికి పలకను అప్పుడే ఆయన చేతికి ఇచ్చారు. "మా అమ్మాయి డిసెంబరులో వస్తుందండీ. ఒంట్లో బాగానే ఉంది. నాకు తెలియక ఆ రోజు మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే తను ఆడలేదని అర్థం కాదు" అన్నాను. గొంతు ఎంత పైకి వెళ్ళిందో నాకు తెలియలేదు, పూజారిగారు మంత్రం ఆపి చూశారు.

ఆయన పలక కిందికి దించారు. "గా దినమేమో గట్ల మూగగ నిలబడితివి. ఇయ్యాల గింత గట్టిగనా? ఏందక్కా గిది" అన్నారు. పక్కనున్న దర్శకుడు "సార్, సినిమాలో మొదటి డైలాగు అమ్మగారిదే" అన్నాడు. అందరూ నవ్వారు. తరవాత నన్ను పక్కకు పిలిచి నిదానంగా చెప్పారు. "పెద్ద పాట ఒకాయనకు మాటిచ్చిన. గది వాపసు తీసుకోను, మంచిగుండదు. రెండోది ఉంది, ఊయల పాట. గది లాస్యమ్మదే. మాట."

రెండు పాటలు కావలసినది ఒకటి అయింది. ఆ ఒకటి పోయింది నా మౌనం వల్లే. నీకు ఎలా ఉందో రాయి. కోప్పడినా సరే.

దసరా సాయంత్రం సిద్ధాంతిగారి దగ్గరకు వెళ్ళి, అయిదో నెల ముహూర్తం వదిలేశాం, పాపకు ఆరు నెలలు నిండాలని డాక్టరు చెప్పారన్నాను. తిడతారనుకున్నాను. ఆయన పంచాంగం తిప్పుతూ "నిండనివ్వండమ్మా. ఆరు నిండితే నడిచేది ఏడో నెలే కదా. అదీ బేసే. అయిదో నెల అని తొందరపడింది మీరు, నేను కాదు" అన్నారు. నిజమే. దసరాతో కలిసొస్తుందని నేనే అయిదు పట్టుకున్నాను. కార్తీకంలో, నవంబరు పధ్నాలుగున పెట్టారు.

నిన్నటితో వ్రతంలో పాలు మానే నెల అయింది నాకు. పాల మీద అంత ధీమాగా మాట్లాడాను కదా, కాఫీ లేక తల నొప్పి పుట్టినప్పుడల్లా గుర్తుకొచ్చింది.

పరమాన్నం పాప నోట్లో పడకముందే నువ్వు డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళు. పాలకు అడ్డురానిది ఏది నీకు సరిపోతుందో అడిగి పెట్టించుకో. ఇది రాయడానికి నాకు సిగ్గు వేయలేదు.

మీ అత్తగారి డ్యూటీకి దణ్ణాలు పెడుతూ
అమ్మ

*

కాకినాడ
2025 అక్టోబరు 13

అమ్మా,

నువ్వు క్లాపు ఆపించావని నాన్న ఫోనులో మూడుసార్లు చెప్పారు. మూడోసారికి దర్శకుడు నీ కాళ్ళకు దణ్ణం పెట్టినట్టు కూడా చేర్చారు.

పెద్ద పాట పోయినందుకు ఒక రాత్రి బాధపడ్డాను, అబద్ధం చెప్పను. కానీ ఊయల పాట ట్యూను పంపారు. పాపను భుజాన వేసుకుని డాబా మీద నడుస్తుంటే దానంతట అదే అడుగులు వస్తున్నాయి. గుంపులో పాతికమందిని ఆడించే పాట కంటే ఇదే నా చేతిలో ఇమిడే పాట. నీ మీద కోపం లేదమ్మా.

డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. కాపర్-టీ పెట్టారు. ఇక పాప ఎంత పాయసం తిన్నా నాకు దిగులు లేదు. మద్రాసు సంగతి చెబితే ఆవిడ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది.

నీ
లాస్య

*

ఫిల్మ్‌నగర్
2025 నవంబరు 2

లాస్యా,

నేడు క్షీరాబ్ది ద్వాదశి. తులసి దగ్గర దీపాలు పెట్టి వచ్చి అలమర తాళం తీశాను. ఫోను చార్జింగులో ఉంది. వెలిగితే నీకు ఫోను చెయ్యొచ్చు. అయినా ఈ ఒక్కటీ రాసేసి చేద్దామని కూర్చున్నాను. వ్రతం విడిచి పప్పన్నం తిన్నాను, అదీ చెప్పాలి.

నిన్న కృష్ణానగర్ నుంచి ఒక డాన్సర్ అమ్మాయి చంటిబిడ్డతో వచ్చింది. బిడ్డకు మూడో నెల. నువ్వడిగిన మాటే అడిగింది. ఒకప్పుడైతే అక్కర్లేదమ్మా అని పంపేసేదాన్ని. ఈసారి బిడ్డకు సీసా పడుతున్నావా, రాత్రి షూటింగులకు వెళ్తున్నావా అని అడిగాను. రెండూ ఉన్నాయంది. "అయితే పాలను నమ్ముకోకు, డాక్టరు దగ్గరకు వెళ్ళు" అన్నాను. "మీ అమ్మాయికి పాలిచ్చినన్నాళ్ళూ మీకు ఏమీ కాలేదన్నారు కదమ్మా, అందరూ చెప్పుకుంటారు" అంది. మీ నాన్నగారు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. పేపరు వెనక ఆయన భుజాలు ఊగుతున్నాయి. "అప్పుడు ఈయన మద్రాసులో ఉన్నారులే" అన్నాను, ఆయనకు వినపడేలాగే.

పాప ముందు పెట్టడానికి నీ గజ్జెలు తోమించి పెట్టాను. పుస్తకం, కలం కూడా ఉన్నాయి. తను ఏది పట్టుకుంటే అది, మనం జరపకూడదు.

పన్నెండో తారీఖు పొద్దున్న స్టేషనుకు మేమిద్దరం వస్తాం. ఏదైనా అడగాలనిపిస్తే చెవిలో చెప్పక్కర్లేదు. మీ నాన్నగారు పక్కనున్నా సరే, రైలు దిగగానే అడుగు. తెలిస్తే చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను.

అమ్మ